క్యూ ఉన్న చోటే ‘క్యూ’ దొరుకుతుంది: తైవాన్‌కి తొలిసారి వెళ్ళేవాళ్ళతో తిండి కబుర్లు

(తైవాన్‌కి చదువులకీ, ఉద్యోగాలకీ, విహారానికీ వెళ్ళబోతున్నవాళ్ళ కోసం పెట్టిన సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డు విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాయా? అవలేదు కదా. పన్నెండు దాటాక, ఆకలితో ఉన్నవాళ్ళ ముందు తిండి గురించి మాట్లాడమని నన్ను నిలబెట్టినవాళ్ళ ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

భోజనం సంగతి ఊరికే అడగలేదు. తైవాన్‌లో పాతకాలం వాళ్ళు ఎదురుపడితే ‘చ్యా పా బ్వే’ అంటారు. కడుపు నిండా తిన్నావా అని. అది మాండరిన్ అనే చైనీస్ కాదు, అక్కడ ఇళ్ళల్లో మాట్లాడుకునే తైవానీ భాష. మన ఊళ్ళో అరుగు మీద కూర్చున్న పెద్దాయన ‘ఏరా, అన్నం తిన్నావా’ అంటే అది పలకరింపే కదా. ఇదీ అంతే. ఈ ఒక్క ముక్క నేర్చుకుని వెళ్ళండి. షాపులో ముసలావిడ మీకు ఒక గరిటె ఎక్కువే వేస్తుంది.

నేను షిన్‌చు అనే ఊళ్ళో నాలుగేళ్ళున్నాను. కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీల ఊరు. మనవాళ్ళు చదువుకోసమో ఉద్యోగం కోసమో ఎక్కువగా చేరేది అక్కడికే. మొదటి రెండు నెలలు నేను చేసిన తప్పు ఒక్కటే. ఏ గిన్నె ముందుకొచ్చినా అందులో కారం వెతికాను. దొరకలేదు. ‘చప్పిడి తిండిరా బాబూ’ అని ఇంటికి ఫోన్ చేసి ఏడిచాను. మా అమ్మ ఆవకాయ పంపింది. ప్రతిదాంట్లోనూ ఆవకాయ కలుపుకుని తిన్నాను. అంటే రెండు నెలలు తైవాన్‌లో ఉండి ఆవకాయే తిన్నాను.

తర్వాత మా ల్యాబ్‌లో అబ్బాయి ఒకతను నూడుల్స్ తింటూ ‘భలే క్యూగా ఉంది’ అన్నాడు. ఇంగ్లీషు అక్షరం క్యూ. షాపు బోర్డుల మీద, పొట్లాల మీద కూడా ఆ అక్షరమే రాస్తారు. పంటి కింద మెత్తగా అణిగి మళ్ళీ వెనక్కి తన్నుతుంది చూశారా, ఆ గుణం క్యూ. ఇంకా బాగుంటే ‘క్యూక్యూ’. మనకి దీనికి సరైన మాట లేదు. పూరీ సాగుతోంది అన్నామంటే వంక పెట్టినట్టు. వాళ్ళ దగ్గర అదే మెచ్చుకోలు. లేత తాటిముంజె నోట్లో జారుతూ పంటికి కొంచెం ఎదురు తిరుగుతుందే, అది గుర్తుపెట్టుకోండి. అక్కడ తిండిలో సగం పని పళ్ళది. ఇది బుర్రకెక్కాక నాకు ఆవకాయ సీసా అక్కర్లేకపోయింది. అంటే అసలు అక్కర్లేకపోయిందని కాదు, తగ్గింది. (నవ్వులు)

ఇంకో మాట ‘షియావ్‌ఛి’. చిన్న తిండి అని అర్థం. తైవాన్‌లో పేరున్న వంటలు చాలామటుకు చిన్న గిన్నెల్లోనే వస్తాయి. ఒక షాపు ఒక వంటకే పేరుపడి ఉంటుంది. నాలుగు ముద్దలు తిని లేచి పక్క షాపుకి వెళ్ళాలి. మనం ఒకచోట కూర్చుని ఫుల్ మీల్స్ తిన్నట్టు తింటే రెండో షాపుకి నడవలేం. ఏ షాపు మంచిదో ఎలా తెలుస్తుందంటే, ఊరివాళ్ళ క్యూ చూడండి. క్యూ ఉన్న చోటే క్యూ దొరుకుతుంది.

చిన్న గిన్నె అంటే నాకు ముందు గుర్తొచ్చేది తైనాన్. దక్షిణాన ఉన్న పాత రాజధాని. 1624లో డచ్చివాళ్ళు వచ్చి కోట కట్టింది అక్కడే. ఆ ఊళ్ళో ‘దాన్‌జాయ్’ నూడుల్స్ ఉంటాయి. ‘దాన్’ అంటే కావడి. అవును, మన కావడే. హొంగ్ యూతౌ అని ఒక జాలరి. తుపానుల నెలల్లో సముద్రం మీదికి వెళ్ళలేరు, వేట ఉండదు, రాబడి ఉండదు. ఆ గడ్డు నెలల్ని వాళ్ళు ‘చిన్న నెలలు’ అంటారు. అవి గడవడానికి ఆయన 1895లో కావడికి ఒక పక్క పొయ్యి, ఇంకో పక్క గిన్నెలూ సరుకులూ పెట్టుకుని, గుడి ముందు నూడుల్స్ అమ్మడం మొదలుపెట్టాడు. లాంతరు మీద ‘చిన్న నెలలు గడపడం’ అని రాసుకున్నాడు. ఇప్పటికీ ఆ షాపు పేరు అదే. కష్టకాలాన్నే బోర్డు మీద రాసుకున్న హోటల్ నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇప్పుడు కావడి లేదు కానీ, షాపులోకి వెళ్ళగానే ఎదురుగా నేలబారు పొయ్యి, దాని పక్కన జానెడెత్తు పీట మీద వంటమనిషి. లేవడు. గుప్పెడు నూడుల్స్ జల్లిగరిటెలో వేసి మరిగే నీళ్ళలో నాలుగుసార్లు ముంచి తీస్తాడు. అరచేతిలో ఇమిడే గిన్నెలో వంచుతాడు. రొయ్య తలకాయలు మరిగించిన చారు ఒక గరిటె. సన్నగా కొట్టి సోయా సాస్‌లో ఉడికించిన పంది మాంసం అరగరిటె. నూరిన వెల్లుల్లి చిటికెడు, కొత్తిమీర, పైన ఒకే ఒక్క రొయ్య. ఇదంతా ముప్ఫై సెకన్లలో. మీరు తినేది మూడు నిమిషాలు. ‘ఇంతేనా’ అనిపిస్తుంది. ఆ ‘ఇంతేనా’ కోసమే దాన్ని అలా చేశారు. రెండో గిన్నె చెప్పండి, తప్పు లేదు.

అదే ఊళ్ళో పొద్దున్నే చేప గంజి తాగుతారు. మన కోస్తాలో పాలబొంత అంటామే, ఆ చేప. తైనాన్ చుట్టూ చెరువుల్లో తరతరాలుగా పెంచుతున్నారు. రెండొందలకి పైగా ముళ్ళుంటాయి. పులస ముళ్ళు తీసుకుని తిన్నవాళ్ళకి ఇది లెక్క కాదు. పైగా అక్కడివాళ్ళు ముళ్ళన్నీ తీసేసి ఇస్తారు. దాని పొట్ట భాగం అడగండి. వెన్నలా ఉంటుంది.

సరే, ఊరూరా దొరికేది, ధనికా పేదా అందరూ తినేది ‘లూ-రౌ-ఫాన్’. వేడన్నం మీద పంది మాంసం పులుసు అనుకోండి. చర్మం, కొవ్వు, కండ మూడూ ఉన్న ముక్కని సన్నగా తరిగి, సోయా సాస్, బియ్యం సారా, పటికబెల్లం, మన బిర్యానీలో వేసే అనాసపువ్వు, దాల్చినచెక్కలతో గంటల తరబడి సన్నసెగ మీద ఉంచుతారు. కిటుకంతా చిన్న ఉల్లిపాయల్లో ఉంది. సన్నగా తరిగి ఎర్రగా వేయించి అందులో కలుపుతారు. ఆ వాసన వీధి చివరికి వస్తుంది. చర్మంలోని జిగురు పులుసులోకి దిగి, తినేటప్పుడు పెదాలు కొంచెం అంటుకోవాలి. అంటుకోకపోతే ఆ షాపు వదిలెయ్యండి.

దీని మీద ఒక గొడవ చెప్పాలి. చాలా షాపుల బోర్డుల మీద ‘లూ’ అనే అక్షరాన్ని తప్పు రాస్తారు. పలికేది ఒకటే కానీ, ఆ రాసే అక్షరం చైనాలోని షాన్‌డాంగ్ రాష్ట్రానికి పొట్టిపేరు. 2011లో మిషెలిన్ వాళ్ళ పర్యాటక గైడు ఆ బోర్డులు చూసి ఈ వంట షాన్‌డాంగ్‌ది అని అచ్చేసింది. ఇంకేముంది! రాజధాని తైపే నగరపాలక సంస్థ రంగంలోకి దిగి, ఇది మాది అని చెబుతూ వెయ్యి గిన్నెలు ఊరికే పంచిపెట్టింది. బోర్డుల మీద సరైన అక్షరం రాయండని షాపులవాళ్ళకి చెప్పింది. బొబ్బట్లు, భక్ష్యాలు, ఓళిగలు అని కొట్టుకునే మనకి ఇది అర్థం కావాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. తైపేలో లూ-రౌ-ఫాన్ అని మీరు తిన్నదాన్ని దక్షిణాదిలో ‘రౌ-జావ్-ఫాన్’ అంటారు. అక్కడికెళ్ళి లూ-రౌ-ఫాన్ అంటే అన్నం మీద ఒక పెద్ద మాంసం చెక్క పెట్టి ఇస్తారు. కంగారు పడకండి, అదీ బాగుంటుంది.

పంది తిననివాళ్ళకి చియాయి ఊళ్ళో టర్కీ కోడి అన్నం ఉంది. చీల్చిన మాంసం, దాని కొవ్వు, వేయించిన ఉల్లి, అన్నం. అంతే. కాకపోతే కొన్ని షాపుల్లో ఆ ఉల్లిని పంది కొవ్వులో వేయిస్తారు. అడిగి తినండి.

బీఫ్ నూడుల్స్ గురించి ఏ గైడు తెరిచినా మొదటి పేజీలో ఉంటుంది. నేను తినను కాబట్టి దాని రుచి చెప్పలేను, కథ చెబుతాను. తైవాన్‌లో పాత రైతు కుటుంబాలు కూడా బీఫ్ ముట్టవు. పొలం దున్నిన జీవాన్ని ఎలా తింటాం అంటారు. నాకు పరిచయమైన ఒక పెద్దావిడ ఇప్పటికీ తినదు. నేనూ తినను అంటే ‘మీ ఇంట్లోనూ పొలం ఉందా?’ అని అడిగింది. మరి ఈ నూడుల్స్ ఎలా వచ్చాయి? 1949లో చైనాలో కమ్యూనిస్టులతో యుద్ధం ఓడి చాంగ్ కై-షేక్ ప్రభుత్వంతో పాటు లక్షలమంది సైనికులూ, వాళ్ళ కుటుంబాలూ దీవికి వచ్చారు. వాళ్ళలో సిచువాన్ నుంచి వచ్చినవాళ్ళు, ఎండుమిర్చితో పులియబెట్టిన చిక్కుడు ముద్దని దక్షిణాన గాంగ్‌షాన్‌లో తయారు చేయడం మొదలుపెట్టారు. అమెరికా సాయంగా గోధుమపిండి వచ్చిపడింది. ఇంటికి తిరిగి వెళ్ళలేని సైనికులు ఆ రెండూ కలిపి బతుకుతెరువుకి నూడుల్స్ బళ్ళు పెట్టుకున్నారు. పేరుకి సిచువాన్ వంట. అది పుట్టి పెరిగింది మాత్రం తైవాన్‌లోనే అని చాలామంది నమ్మకం. తినేవాళ్ళు తినండి. తిననివాళ్ళు ‘న్యూ-రౌ’ అన్న మాట గుర్తుంచుకోండి, అది బీఫ్.

షియావ్‌లోంగ్ బావ్ అనే ఆవిరి పిడచల గురించి నేను ఎక్కువ చెప్పను. పుట్టిల్లు షాంఘై వైపు. లోకానికి పరిచయం చేసింది దిన్ తై ఫుంగ్. 1958లో నూనె కొట్టుగా మొదలై హోటలైంది. పిడచకి 18 మడతలు లెక్కపెట్టి మరీ వేస్తారు. లోపల వేడి చారు ఉంటుంది, ఒక్కసారిగా నోట్లో వేసుకుంటే నాలుక కాలుతుంది. చెంచాలో పెట్టుకుని చిన్న కన్నం చేసి చారు ముందు పీల్చుకోండి.

ఇక రాత్రి బజార్లు. చీకటి పడ్డాక వీధంతా బళ్ళే. తైపేలో షిలిన్ పెద్దది, నింగ్‌షియా చిన్నది కానీ తిండికి మంచిది. నా ఓటు రావ్‌హ బజారుకి. సముద్ర దేవత మాజు గుడి పక్కనే మొదలవుతుంది. దణ్ణం పెట్టుకుని తినడం మొదలుపెట్టొచ్చు. గుడి దగ్గరే మిరియాల బన్ను కోసం క్యూ ఉంటుంది. మట్టి తందూరు, అడుగున బొగ్గులు, గోడలకి రొట్టెలు అతికించినట్టు బన్నులు అతికిస్తారు. లోపల మాంసం, పిడికెడు ఉల్లికాడలు, దిట్టంగా మిరియాలు. కొరగ్గానే ముక్కులోంచి ఘాటు వచ్చింది. రెండు నెలలుగా నేను వెతుకుతున్న కారం ఆ తందూరులో దొరికింది. అక్కడే నిలబడి రెండోది తిన్నాను. నాలుకా కాల్చుకున్నాను.

అదే వీధిలో ఒక వాసన వస్తుంది. డ్రైనేజీ అనుకుంటారు. కాదు, అది ‘ఛౌ-దోఫూ’. పేరుకి అర్థమే కంపు టోఫు. టోఫు అంటే సోయా పాలు విరగ్గొట్టి చేసే పనీర్ లాంటిది. పులియబెట్టిన ఊటలో టోఫుని ఊరబెట్టి నూనెలో వేయిస్తారు. పక్కన పుల్లటి క్యాబేజీ ఊరగాయ పెడతారు. ఎవరైనా విదేశీయుడికి ఇంగువ డబ్బా మూత తీసి వాసన చూపించండి, పారిపోతాడు. అదే ఇంగువ పోపులో పడ్డాక పులిహోర రెండోసారి వడ్డించుకుంటాడు. ఇదీ అంతే. పైన కరకర, లోపల దూదిలా ఉంటుంది. మొదటిసారి ముక్కు మూసుకుని తినండి. మూడోసారికి ఆ వాసన వస్తే కాళ్ళు వాటంతటవే అటు తిరుగుతాయి. ఉడికించిన రకం మాత్రం మొదటిరోజే వద్దు.

ఆయిస్టర్ల అట్టు, ‘ఓ-ఆ-చ్యెన్’, దాని గురించి మా ఇంట్లోనే రెండు పార్టీలు. ఆల్చిప్పల మాంసం, గుడ్డు, ఆకుకూర, వాటిని పట్టి ఉంచడానికి చిలగడదుంప పిండి జారుగా కలిపి పెనం మీద పోస్తారు. పైన తీపీ పులుపూ కలిసిన ఎర్రటి సాస్. ఆ పిండి ఉడికాక గాజులా, జిగురుగా అవుతుంది. అట్టు అంటే పెసరట్టులా కరకరలాడాలనుకునే మా ఆవిడకి అది నచ్చలేదు. నాకు ఆ జిగురే ఇష్టం. చాంగ్‌హ్వా వైపు దొరికే ‘బా-వాన్’ కూడా అదే పిండితో చేసిన పెద్ద ఉండ. లోపల మాంసం, వెదురు చిగుళ్ళు.

ఇప్పుడు నేను చూసి నోరెళ్ళబెట్టింది చెబుతాను. యీలాన్ వైపు పుట్టిన వేరుశనగ ఐస్‌క్రీం చుట్ట. బండి మీద అడుగు మందాన వేరుశనగపప్పు అచ్చు ఉంటుంది. మన పల్లీపట్టీనే, కాకపోతే ఇటుక దిమ్మెంత. బండి నడిపే ఆవిడ చేతిలో వడ్రంగి చిత్రిక. నిజంగా చిత్రికే, కర్ర నునుపు చేసేది. ఆ దిమ్మె మీద సర్రుసర్రున లాగుతుంటే పల్లీపొడి రంపప్పొట్టులా రాలుతుంది. దాన్ని రుమాలీ రోటీకి తమ్ముడిలాంటి పల్చటి రేకు మీద పరిచి, మూడు చిన్న ఉండలు ఐస్‌క్రీం పెడుతుంది. అందులో ఒకటి చామదుంప ఐస్‌క్రీం. దాని మీద పచ్చి కొత్తిమీర! చుట్టి చేతిలో పెడుతుంది. ఐస్‌క్రీంలో కొత్తిమీర ఏమిటని నేను వద్దన్నాను. వెనక నిలబడ్డ కుర్రాడు ‘అది లేకపోతే ఎందుకు తినడం’ అన్నాడు. సరే, వెయ్యమన్నాను. వాడిదే నిజం.

శాకాహారులు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. సగానికి పైనే. మీరు దిగులు పెట్టుకోకండి. తైవాన్‌లో బౌద్ధం వల్ల శాకాహారం చాలా పాత అలవాటు. చాలామంది మామూలు మాంసాహారులు కూడా చాంద్రమాన నెలలో మొదటి రోజు, పదిహేనో రోజు మాంసం మానేస్తారు. మన ఏకాదశి లాంటిదే. శాకాహార హోటళ్ళ బోర్డు మీద చాలాచోట్ల స్వస్తిక్ గుర్తు ఉంటుంది. పక్కన ‘సూ’ అనే అక్షరం. ఆ అక్షరం ఫోన్లో దాచుకోండి. వాటిలో చాలావాటికి ఉల్లి, వెల్లుల్లి కూడా నిషేధం. మీ నానమ్మని తీసుకెళ్ళొచ్చు. కావలసినవి మీరే పళ్ళెంలో పెట్టుకుంటే తూకం వేసి డబ్బులు తీసుకునే చోట్లు ఉంటాయి. పుట్టగొడుగులతో చేసిన లూ-రౌ-ఫాన్ కూడా దొరుకుతుంది.

కానీ ఒక జాగ్రత్త. మామూలు షాపులోకి వెళ్ళి ‘మాంసం వద్దు’ అనకండి. మా రూమ్మేట్ పచ్చి శాకాహారి. వచ్చిన వారంలోనే ఒక చిన్న హోటల్లో అలాగే అన్నాడు. వాళ్ళు పాపం మంచి మనసుతో ఉడికించిన ఆకుకూర ఇచ్చారు. పైన నల్లగా మెరిసే పులుసు పోశారు. బావుంది బావుంది అని తిన్నాడు. అది లూ-రౌ పులుసు. ముక్కలు తీసేశారు, రసం పోశారు. వాళ్ళ లెక్కలో మాంసం లేదు మరి! కాబట్టి ‘వో ఛి సూ’ అనండి. నేను శాకాహారం తింటాను అని. అలా అంటే దానికి ఒక నియమం ఉందని వాళ్ళకి తెలుస్తుంది. గుడ్డు వద్దనుకుంటే అది కూడా విడిగా చెప్పండి. శాకాహారంలోనే గుడ్డు తినేది, పాలు తాగేది అని వాళ్ళకి రకాలున్నాయి, పొట్లాల మీద కూడా అచ్చేస్తారు.

తీపి దగ్గరికి వద్దాం. బబుల్ టీ అందరికీ తెలుసు. 1980లలో పుట్టింది. తైచుంగ్‌లో ఒక టీ షాపు, తైనాన్‌లో ఒక టీ షాపు నేనంటే నేను అని పదేళ్ళు కోర్టులో కొట్టుకున్నాయి. 2019లో కోర్టు, ఇది పేటెంటు కాదు, ఎవరైనా చేసుకోవచ్చు, ఎవరు ముందన్నది తేల్చక్కర్లేదు అంది. అందులో నల్లటి ఉండలు కర్రపెండలం పిండివి. పెద్దాపురం, సామర్లకోట వైపు మిల్లుల్లో సగ్గుబియ్యం చేసేదీ ఆ దుంపతోనే. మన సగ్గుబియ్యం పాయసానికి అక్కడ పెద్ద ఉద్యోగం వచ్చిందనుకోండి. పంచదార ఎంత వెయ్యాలో అడుగుతారు. సగం చాలు.

నాకు బబుల్ టీ కంటే ఇష్టం ‘ఆయ్-యూ’. తైవాన్ కొండల్లో పెరిగే ఒక అత్తిజాతి తీగ కాయలు. మేడిపండు పొట్ట విప్పితే ఏముంటాయో మనకి చిన్నప్పుడే నేర్పారు. ఈ కాయ పొట్ట విప్పితే బోలెడు సన్న గింజలు. వాటిని ఎండబెట్టి, పల్చటి గుడ్డలో మూటకట్టి, చన్నీళ్ళ గిన్నెలో ముంచి పిసుకుతారు. పొయ్యి లేదు, పంచదార లేదు. ఐదారు నిమిషాలు పిసికితే నీళ్ళు లేత పసుపు రంగులోకి తిరుగుతాయి. పక్కన పెడితే కాసేపటికి అవే గడ్డకట్టుకుంటాయి. చేతికి నూనె అంటి ఉంటే మాత్రం గడ్డకట్టదట. దాన్ని ముక్కలు కోసి నిమ్మరసం, పాకం, ఐసు వేసి ఇస్తారు. తాటిముంజె అన్నాను చూశారా, ఇదే.

వచ్చేటప్పుడు బంధువులకి పైనాపిల్ కేకులు తెస్తారు. తైవానీ భాషలో పైనాపిల్‌ని ‘ఓంగ్-లాయ్’ అంటారు, కలిసి రావాలి అన్నట్టు వినిపిస్తుంది, అందుకే శుభకార్యాలకి పంచుతారు. ఒక రహస్యం: పాత పద్ధతి కేకుల్లో పైనాపిల్‌తో పాటు బూడిద గుమ్మడికాయ ఉంటుంది. మనం దిష్టికి గుమ్మానికి కట్టేది, వడియాలు పెట్టేది. దానితోనే బెల్లం రంగు చల్లటి పానీయం కూడా చేస్తారు. ఈ సంగతి మా అత్తగారికి చెప్పాక ఆవిడ ఆ కేకు మళ్ళీ ముట్టలేదు.

ఎవరైనా ఏదైనా అడగాలా?

(ప్రశ్న: మేము తైపేలో ఒక్కరోజే ఆగుతున్నాం. ఏం తినమంటారు?)

వీసా సంగతి చూసుకున్నారు కదా? సరే. పొద్దున సోయా పాల షాపుకి వెళ్ళండి, ఉప్పు రకం అడగండి. వేడి పాలల్లో వెనిగర్ వేసి విరగ్గొడతారు. విరిగిన పాలేమిటని మొహం పెట్టకండి, అందులో వేయించిన పొడుగాటి పిండి కడ్డీ ముంచుకుని తినండి. శాకాహారులైతే ఎండు రొయ్యలు వద్దని ముందే చెప్పాలి. మధ్యాహ్నం లూ-రౌ-ఫాన్, చిన్న గిన్నె. సాయంత్రం రావ్‌హలో మిరియాల బన్ను, వేరుశనగ చుట్ట. ఎండాకాలమైతే మామిడిపండు ఐసు. అక్కడి ఎర్ర మామిడి ఐర్విన్ రకం, 1954లో అమెరికాలోని ఫ్లోరిడా నుంచి తెచ్చుకున్నారు. బంగినపల్లి తిన్న నోటితో చెబుతున్నాను, పండు పండుగా తింటే మనదే పైచేయి. ఐసు మీద మాత్రం వాళ్ళది బావుంటుంది. ఇద్దరికి ఒకటి చాలు, పెద్ద గిన్నె. చలికాలం వెళితే అది వద్దు, వేడి అల్లం పాకంలో దోహ్వా తీసుకోండి. సోయా పాలతో చేసిందే, చెంచా వేస్తే జున్నులా తెగుతుంది.

ఏంటండీ? భోజనాలు వచ్చేశాయా? పదండి మరి, చల్లారిపోతాయి.